రాళ్ళింకా కనిపిస్తున్నాయి

పెండర్ క్రీక్,
అక్టోబరు మొదటి వారం

ఎర్లిండా గారికి,

ముందుగా నా చేతిరాతకీ, తప్పులకీ క్షమించాలి. మా ఊరి బడికి ఒకే గది, ఒకే పంతులమ్మ. నా పలక చూసినప్పుడల్లా ఆవిడ దీనిమీద కోడి నడిచిందా అని అడిగేది. ఆ తర్వాత బతుకంతా స్టీరింగు పట్టుకున్నాను గాని కలం పట్టింది లేదు. చదవలేని చోట వదిలేయండి. అక్కడ పెద్ద విషయమేమీ ఉండదు.

అసలు సంగతి చెబుతాను. మంచు పడింది. పొద్దున తలుపు తీసేసరికి హాచెట్ కనుమ తెల్లగా ఉంది. ఇంత వయసొచ్చినా తొలి మంచు చూస్తే నా కాళ్ళు నేలమీద నిలవవు. కాఫీ పొయ్యిమీదే మరిచిపోయాను. చొక్కా బొత్తాలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని వాకిట్లోకి పోయాను. మధ్యాహ్నానికి ఎండ వైపు అంతా కరిగిపోయింది. నీడ వైపు మాత్రం అలాగే ఉంది, కొత్త దుప్పటి పరిచినట్టు.

రోడ్డు వాళ్ళు కనుమకి అప్పుడే గేటు వేసేశారు. మన రోజుల్లో చలికాలమంతా ఆ రోడ్డు తెరిచే ఉండేది. నేను మంచు తోసే బండిలో, మీరు అవతల రేడియో గదిలో. ఇప్పుడు తొలి మంచుకే తాళం. కొండ దిగితే మీ ఊరు. ఈ ఉత్తరం మాత్రం డెన్వర్ దాకా పోయి, కొండలన్నీ చుట్టి మీ గుమ్మానికి చేరాలి.

ఆగస్టులో పాత ఉద్యోగుల విందులో మీరన్న మాట గుర్తుంది. నవంబరులో మా చర్చి హాలులో డాన్సు ఉంటుంది, రండి అన్నారు. మర్యాదకి అన్నారో నిజంగానే అన్నారో నాకు తెలియలేదు. అడుగుదామని నోరు తెరిచేలోగా మీ తమ్ముడు బంగాళదుంపల గిన్నె పట్టుకొచ్చి మన మధ్య పెట్టాడు.

దయచేసి ఫోను చేయకండి. మొన్న మీరు చేసినప్పుడు నేను 'ఆ' అని ఊరుకున్నాను. అంతకన్నా రాదు.

మీ వైపు, కనుమ కింద నీడ పక్క మంచు ఎంతుంది? ఊరికే అడుగుతున్నాను. త్వరగా రాయండి.

ఆర్లో ట్రెవెనా


వేగా ఆల్తా,
అక్టోబరు, నెల సగమైంది

ఆర్లో గారూ,

మీ చేతిరాతకేం, బాగానే ఉంది. మా తపాలా ఆయన మాత్రం కవరు అటూ ఇటూ తిప్పి, ఇది మీకా, పశువుల డాక్టరుకా అని అడిగాడు.

మర్యాదకి కాదు, నిజంగానే రమ్మన్నాను. నాకు మర్యాద తక్కువని ఈ లోయంతా చెబుతుంది. డాన్సు నవంబరు రెండో శనివారం. అంతా మన వయసు వాళ్ళే. మోకాళ్ళ చప్పుడు ముందు ఫిడేలు వినపడదంటాడు మా తమ్ముడు ఎలాదియో. వాయించేది వాడే లెండి. నేను ఆకుపచ్చ గౌను కుట్టుకుంటున్నాను. ఒక చెయ్యి అయింది.

మిమ్మల్ని పిలిస్తే ఎలాదియో ఆశ్చర్యపోయాడు. ఆయనతో నువ్వేం మాట్లాడావే అక్కా అన్నాడు. నిజమే, ఇన్ని చలికాలాలు మీతో మాట్లాడాను గాని ఆ మాటలన్నీ కలిపినా ఒక కార్డు నిండదు. మంచు చరియలు జారే చోటు వచ్చినప్పుడల్లా మీరు బండి ఆపి 'లోపలికి' అనేవారు. నేను పైన కొండ సంగతి కనుక్కుని 'వెళ్ళండి' అనేదాన్ని. అవతల తేలాక మీరు 'బయటికి' అనేవారు. మిగతా డ్రైవర్లు నేను నోరు విప్పేలోపే దూరేసేవాళ్ళు. మీరు మాత్రం నా మాట చెవిన పడేదాకా చక్రం కదిల్చేవారు కాదు. ఒకసారి నేను రొట్టె తింటూ మరిచిపోతే అక్కడే నిలబడిపోయారు, వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతుంటే. మీ మీద నాకు గురి కుదిరింది ఆ రోజే.

మంచు సంగతి అడిగారు. వాతావరణం వాళ్ళకి రోజూ నేనే కొలిచి పంపుతున్నానని చెప్పానుగా. కొలత చెక్క మీద బెత్తెడు. తొలి మంచు రోజున స్కేలు పట్టుకుని ఒట్టి కాళ్ళతో పెరట్లోకి పరిగెత్తాను. ఎలాదియో కిటికీలోంచి తల పెట్టి, "కొండ ఎక్కడికీ పారిపోదే అక్కా, చెప్పులేసుకో" అని అరిచాడు. ఎండ పక్క ఇప్పుడేమీ లేదు. కనుమ కింద నీడ పక్క ఉంది. ఉన్నది అక్కడే.

కళ్ళ డాక్టరు మిమ్మల్ని బండి నడపొద్దన్నాడు కదా. మీ మేనల్లుడు వెండెల్ ఇప్పుడు మీ మంచు తోసే బండే నడుపుతున్నాడని చెప్పారు. సెలవు చూసుకుని కారులో తీసుకురమ్మనండి. పెద్ద రోడ్డు చుట్టే గాని, పొద్దున బయల్దేరితే వడ్డన వేళకి చేరతారు.

మీ
ఎర్లిండా మాయెస్తాస్


పెండర్ క్రీక్,
అక్టోబరు చివర

ఎర్లిండా గారికి,

చలికి వేళ్ళు వంకర పోతున్నాయి. రాత ఇంకా పాడైంది. మన్నించండి.

మీ ఉత్తరం తపాలా గదిలోనే నిలబడి చదివాను. కాఫీ హోటలు మార్వా పక్కనే ఉంది. ఏం ఆర్లో, లాటరీ తగిలిందా అంది. కరెంటు బిల్లు అన్నాను. కరెంటు బిల్లు చూసి నవ్వే మనిషిని ఇప్పుడే చూస్తున్నానంది. ఇంటికొచ్చి మళ్ళీ చదివాను. ఆకుపచ్చ అని రాశారు. ముదురు ఆకుపచ్చా, లేతా?

వెండెల్‌ని అడగలేను. వాడు మంచివాడే. అడిగితే ఎందుకంటాడు. చెబితే పెళ్ళానికి చెబుతాడు. ఆ పిల్ల మార్వాకి చెబుతుంది. మధ్యాహ్నానికల్లా చర్చి గంట కొట్టేవాడి దాకా పోతుంది. ఈ ఊళ్ళో ఎవరి పొయ్యిమీద ఏముడుకుతుందో అందరికీ తెలుసు. మా ఆవిడ డోర్కాస్ పోయిన దగ్గర్నుంచి వీళ్ళు నన్ను ఊరి చివర పాత గేటును చూసినట్టు చూస్తున్నారు. నాకూ అలాగే బాగుంది. గేటు లేచి డాన్సుకి పోతానంటే నవ్వరూ? నవ్వితే నేను మీ ఊరొచ్చినా తల ఎత్తలేను.

కానీ వస్తాను. ఎలాగని అడగొద్దు.

ఇక్కడ చాన్నాళ్ళుగా మబ్బు లేదు. రాత్రిళ్ళు ఆకాశం నిండా చుక్కలు, ఎముకలు కొరికే చలి. ఎండ వైపు గడ్డి ఆరిపోయింది. నీడ వైపు మంచు ఉన్నది ఉన్నట్టే ఉంది, మోకాలికి కూడా రాదు. రాళ్ళ తలకాయలు కనిపిస్తూనే ఉన్నాయి. మా వాళ్ళంటారు, రాళ్ళు కనిపిస్తున్నన్నాళ్ళు కొండ నిద్రలో ఉన్నట్టే అని. మంచు తోసే రోజుల్లో మేం చరియలకి భయపడింది క్రిస్మస్ దాటాకే.

అటక మీంచి మంచు మీద జారే స్కీలు దించి మైనం రాశాను. ఇల్లంతా మైనం వాసన. ఊరికే రాశాను.

మీ వైపు కనుమ దిగాక పాత గొర్రెల దొడ్డి ఉండాలి. దాని కంచె మంచులో మునిగిందా, బయటికుందా? వీలైనంత త్వరగా రాయండి.

ఆర్లో


వేగా ఆల్తా,
నవంబరు, సోమవారం

ఆర్లో గారూ,

ముదురు ఆకుపచ్చ. ఇక నేను అడుగుతాను, మీరు చెప్పండి. కారులో వచ్చే మనిషికి గొర్రెల దొడ్డి కంచెతో ఏం పని? మైనం రాసిన స్కీలు 'ఊరికే'. నీడ పక్క మంచు 'ఊరికే'. నేను రేడియో గదిలో జుట్టు నెరిపించుకున్నదాన్ని. మనుషులు చెప్పని మాట వినడమే నా ఉద్యోగం.

కనుమ మీదుగా రావద్దు.

ఎందుకో చెబుతాను. నిన్న మా పెరటి వెనక గట్టుకి, నీడ పక్కకి, పులుసు గరిటె పట్టుకుని పోయాను. మంచుని నిలువునా కోశాను. పైన వేలెడు మందాన గట్టిగా ఉంది. దాని కింద, నేల దాకా, గరిటెలో నిలవలేదు. గింజలు గింజలుగా జారిపోయింది. పంచదార. ఎలాదియో పిడికెడు తీసి ఉండ చేద్దామని చూశాడు, వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. ఇంత పల్చటి మంచు గనకే మీరు రాసిన ఆ చుక్కల రాత్రులు దాన్ని అడుగంటా పాడుచేశాయి. రాళ్ళు కనిపించడం ధైర్యం కాదు, ఆర్లో గారూ. అదే జబ్బు గుర్తు. స్కీలకి మంచు దొరికేది నీడ పక్కే. కుళ్ళింది కూడా ఆ పక్కే.

ఇప్పుడు తుఫాను వస్తోందంటున్నారు, శుక్రవారం దాకా విడవదట. పళ్ళెంలో పంచదార పోసి, దానిమీద రొట్టె పెట్టి, పళ్ళెం వంచి చూడండి.

నేను ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, ఇలాగే నవంబరులో, వేటకి పోయిన మనిషి ఒకడు ఇలాంటి మంచు మీదే పోయాడు. గడ్డి, బండలు అన్నీ బయటికే ఉన్నాయి. పూడ్చడానికి కూడా చాలని మంచు అది. రాళ్ళమీద ఈడ్చుకుపోయింది. వాడి తోటివాడు రేడియోలో వాణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు, వాడు జవాబిస్తాడన్నట్టు. ఆ గొంతు నా చెవిలోంచి ఇంకా పోలేదు. దాని పక్కన ఇంకో గొంతు పెట్టకండి.

ఫోను ఎత్తరని తెలిసీ నిన్న చేశాను. ఎత్తలేదు. వెండెల్‌కి ఇప్పుడే చెబుదును గాని, మీ గుట్టు మీది. ఈ ఉత్తరం అందగానే రానని ఒక్క ముక్క రాయండి. రాకపోతే శనివారం పొద్దున మళ్ళీ ఫోను చేస్తాను. ఎత్తకపోతే మీ రోడ్డు షెడ్డుకి చేస్తాను. అప్పుడు చర్చి గంట కొట్టేవాడికి నేనే చెప్పినట్టవుతుంది. తిట్టుకుంటే తిట్టుకోండి.

డాన్సు కన్నా మీరు ఎక్కువ. డాన్సు తక్కువేమీ కాదు.

ఎర్లిండా


పెండర్ క్రీక్,
శుక్రవారం

ఎర్లిండా గారికి,

మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. తుఫానుకి తపాలా బండి రాలేదు. నా ఉత్తరం డబ్బాలో వేస్తున్నాను, దారి తెరిచాక అదే వస్తుంది.

తుఫాను ఆగిందండీ. ఈ మంచు మీరు చూడాలి. కంచె గుంజలన్నీ టోపీలు పెట్టుకున్నాయి. మార్వా హోటలు బోర్డులో సగమే కనిపిస్తోంది. వెండెల్ పొద్దుటి నుంచి మంచు తోస్తూనే ఉన్నాడు, నా ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా హారను కొడుతున్నాడు. వాడికీ నా పిచ్చే. నేను కిటికీ దగ్గరే కూర్చున్నాను. పడుకుందామన్నా పడుకోలేను.

మీకు ఇది అందేసరికి నేను వచ్చేసి ఉంటాను. అందుకని ఇప్పుడు చెప్పొచ్చు. రేపు తెల్లవారగానే కనుమ మీదుగా స్కీల మీద బయల్దేరుతున్నాను. మధ్యాహ్నం దాటాక మీ గొర్రెల దొడ్డి దగ్గర తేలతాను. ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఈ ఉత్తరం వచ్చే వారం మీ వంటింట్లో ఇద్దరం కూర్చుని చదువుకుని నవ్వుకుందాం.

దుర్భిణి పెట్టి చూశాను. గట్టుమీద గాలి ఊడ్చిన చోట రాళ్ళింకా కనిపిస్తున్నాయి. భయం లేదు.

నల్లకోటు మడిచి సంచిలో పెట్టాను. వంటింట్లో కుర్చీని పట్టుకుని అడుగులు వేసి చూశాను. కుర్చీ కాలు ఒక్కసారీ తొక్కలేదు. ఫోను మోగింది గాని ఎత్తలేదు. మీరైతే నోరు పెగలదు, వేరేవాళ్ళయితే నాకు పని లేదు.

రేపు కలుద్దాం. ఈ ఉత్తరానికి జవాబు అక్కర్లేదు.

ఆర్లో


వేగా ఆల్తా,
బుధవారం

ఆర్లో,

నీ శుక్రవారం ఉత్తరం ఇవాళ చేరింది. వంటింట్లో కూర్చునే చదివాను, ఒక్కదాన్నే. కుర్చీ కాలు తొక్కలేదట. చాలా సంతోషం.

శనివారం పొద్దున రొట్టెలకి పిండి కలుపుతూ నీకు ఫోను చేశాను. మోగింది, మోగింది. మీ షెడ్డుకి చేశాను. వెండెల్ ఎత్తాడు. ఇలా మీ మామయ్య కనుమ మీదుగా మా ఊరు బయల్దేరాడేమోనని అనుమానంగా ఉంది, వెళ్ళి చూడు నాయనా అన్నాను. "మా మామయ్యా?" అన్నాడు. గేటు లేచి నడిచిందంటే కూడా అంత ఆశ్చర్యపోడు. వెళ్ళి చూసి ఫోను చేశాడు. గుమ్మం దగ్గర్నుంచి స్కీల జాడ కొండవైపు పోయిందన్నాడు. మంచులో చిక్కిన మనుషుల్ని వెతికేవాళ్ళని పిలుస్తున్నానన్నాడు.

ఆ తర్వాత నేనేం చేశానో చెప్పనా? ఏమీ చేయలేదు. పిండి చేతులతో ఫోను పట్టుకుని కూర్చున్నాను. పిండి ఎండి పొరలు పొరలుగా రాలుతోంది. ఎలాదియో ఎదురుగా కూర్చున్నాడు. వాడు ఒక్క వెటకారం ఆడలేదు. వాడు నోరు మూసుకుంటే నాకెంత భయమో నీకు తెలియదు. పాత ఉద్యోగంలో కనీసం చేతిలో ఒక బొత్తాం ఉండేది నొక్కి పిలవడానికి.

తర్వాత ఫోను మోగింది. వెండెల్ అనుకున్నాను. నీ గొంతు. ఒక్క మాట. 'బయటికి.'

నవ్వానో ఏడ్చానో ఎలాదియోని అడగాలి. వాడు మాత్రం లేచి ఫిడేలు తీసి, శ్రుతి కూడా చూసుకోకుండా వాయించాడు. అంత ఘోరంగా ఎప్పుడూ వాయించలేదు.

డాన్సుకి వెళ్ళాను. ఎందుకు మానాలి, గౌను కుట్టుకున్నాను కదా. పెద్ద రోడ్డు మూసేశారు గనక ఆ రోజు నువ్వు రాలేవని తెలుసు. అయినా తలుపు చప్పుడైనప్పుడల్లా చూశాను. అందరితో ఆడాను. నెమ్మది పాట ఒకటి వచ్చింది. దానికి మాత్రం కూర్చున్నాను.

కోపం పోలేదు. పోదు కూడా, ఇప్పట్లో. కానీ కొండమీద ఏం జరిగిందో నాకు తెలియాలి. వెండెల్‌ని అడిగితే, ఆయన్నే అడగండత్తా అంటున్నాడు. అత్తా అని ఎవరు అనమన్నారో వాణ్ణి నువ్వే అడుగు. రాసేటప్పుడు మూడు మాటల్లో రాయకు. వాక్యాలు కావాలి నాకు.

ఎర్లిండా


పెండర్ క్రీక్,
ఆదివారం

ఎర్లిండా గారికి,

చేతిరాత అదే, తప్పులూ అవే. ఈసారి మాత్రం ఏదీ వదలకుండా చదవండి.

రావద్దని మీరు రాసిన ఉత్తరం నాకు సోమవారం అందింది. దాన్ని చదివి సిగ్గుపడ్డాను. మీ తిట్లు కూడా అందాయి. అవి ఎక్కువసార్లు చదివాను.

శనివారం తెల్లవారుతూ బయల్దేరాను. ఆకాశం నీలంగా ఉంది. చెట్ల మధ్య మంచు మోకాలు దాటి ఉంది, స్కీల కింద చప్పుడే లేదు. మీకు నిజం చెప్పాలి, అంత సంతోషం నాకు చాన్నాళ్ళుగా లేదు. నోరు తెరిచి పాడుకుంటూ పోయాను. వినేవాళ్ళు లేరుగా. పైన చెట్లు అయిపోయే చోటికి వచ్చాను. అక్కడ నేల చదునుగా ఉంటుంది. ఎదురుగా నీడ వైపు పెద్ద పల్లం, దాన్ని అడ్డంగా దాటితే కనుమ. రాళ్ళు కనిపిస్తున్నాయి. నేను చూసిందల్లా ఆ రాళ్ళే.

చెట్ల చివర స్కీలు సరిచేసుకుని, ముందుకి తోయబోతూ, 'లోపలికి' అన్నాను.

అనాలని అనలేదు. అలవాటు. చేతిలో రేడియో లేదు, మీరు లేరు, రోడ్డు కూడా లేదు. నోటికి వచ్చేసింది. వచ్చేశాక నిలబడిపోయాను. మీ మాట వినపడకుండా నేనెప్పుడూ లోపలికి వెళ్ళలేదు. కాళ్ళు కదలలేదు. ముసలాడా, ఎవరి కోసం చూస్తున్నావని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా నిలబడ్డాను. ఎందుకో బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చాను.

అప్పుడు నా కింద మంచు కూలబడింది. లావుపాటి మనిషి పరుపు మీద దభీమని కూర్చుంటే ఎలా ఉంటుందో అలాంటి చప్పుడు. నా కాళ్ళ దగ్గర్నుంచి ఆ చప్పుడు పల్లమంతా పరిగెత్తుకుంటూ పోయింది. అద్దం పగిలినట్టు గీత ఒకటి ఆ చివరి దాకా సాగింది. ఆ పక్క వాలు మొత్తం ఒకేసారి ఊడి వచ్చింది. నెమ్మదిగా మొదలైంది. తర్వాత నెమ్మది లేదు. రాళ్ళు, పొదలు, గడ్డి, అన్నీ పెరుక్కుని నేను పోవలసిన దారి మీదుగా కిందికి పోయింది. మంచు పొగ దిగాక చూస్తే నేల నల్లగా, తడిగా బయటపడి ఉంది. నేను అంతసేపు నమ్ముకున్న రాళ్ళు ఒక్కటీ అక్కడ లేవు.

నేను చదునులో ఉన్నాను గనక నా స్కీలు బెత్తెడు దిగాయి, అంతే. ఒక చెట్టుని పట్టుకుని కూర్చున్నాను. భయమేసింది. కానీ రాయమన్నారు గనక రాస్తున్నాను, భయంతో పాటు ఇంకోటి కూడా ఉంది. మీరు వెళ్ళండి అనలేదు, నేను వెళ్ళలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా. ఆ మాట ఎవరికైనా చెప్పకపోతే గుండె పగిలేట్టుంది. నా జాడల్లోనే కిందికి దిగాను. ఎంత వేగంగా దిగానో వెండెల్‌తో చెప్పకండి.

గేటు దగ్గరికొచ్చేసరికి ఊరంతా అక్కడుంది. మంచు తోసే బండి దీపాలు తిరుగుతున్నాయి. వెతికేవాళ్ళు కర్రలు, పారలు సర్దుకుంటున్నారు. మార్వా కాఫీ పోస్తోంది. చర్చి గంట కొట్టేవాడు కూడా ఉన్నాడు. నన్ను చూసి అందరూ ఒక్కసారి ఇటు తిరిగారు. వెండెల్ నడిచి వచ్చాడు.

"ఎక్కడికి మామయ్యా?" అన్నాడు.

జింకల కోసం అనొచ్చు. స్కీలు ఎలా ఉన్నాయో చూద్దామని అనొచ్చు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"డాన్సుకి," అన్నాను. "వేగా ఆల్తాలో. ఎర్లిండా గారితో."

ఒక్కరూ నవ్వలేదు. నేను కాచుకుని నిలబడ్డాను, అయినా నవ్వలేదు. వెండెల్ మాత్రం, "నన్నడిగితే తీసుకెళ్ళనా? కొండెక్కి చావడానికన్నా నన్ను అడగడం కష్టమా నీకు?" అన్నాడు. అవునన్నాను. అప్పుడు నవ్వారు. వాడే ముందు నవ్వాడు. ఫోను కలిపి నా చేతిలో పెట్టాడు. నాకు ఆ ఒక్క మాటే వచ్చింది.

ఇప్పుడు ఊళ్ళో నన్ను ఒక చోట నిలవనివ్వడం లేదు. వెండెల్ పెళ్ళాం కోటు ఇస్త్రీ చేసి పంపింది. మార్వా తన హోటల్లో బల్లలు పక్కకి జరిపి, అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని తిప్పింది. ఎడమ కాలు ముందు పెట్టమంటుంది, గంట కొట్టేవాడు కుడి కాలంటాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం లేదు. మీకోసం మార్వా మాంసం కూరిన పేస్టీలు చేసిస్తానంటోంది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. థాంక్స్‌గివింగ్ పండగ వారంలో వెండెల్‌కి సెలవు. మీ ఊరు తీసుకొస్తానన్నాడు. నిన్న వచ్చి, ఎన్నాళ్ళకి మామయ్యా అని అడిగాడు. రెండు రోజులకైతే తన కారు చాలట. చలికాలమంతా ఉండిపోయేట్టయితే షెడ్డు వెనక ట్రక్కు తెస్తాడట, నా పెట్టె, పనిముట్లు, స్కీలు, పడక కుర్చీ అన్నీ పట్టాలి గదా అన్నాడు. ఆవిణ్ణి అడగాలన్నాను. సరే అడుగు, మంచులో జారకుండా ఏ బండి చక్రాలకి గొలుసులు కట్టాలో నాకు ముందే తెలియాలన్నాడు. వాడికి అదొక్కటే దిగులు.

నాకేం కావాలో రాద్దామని మూడు కాగితాలు చించాను. మూడింట్లోనూ ట్రక్కు అనే ఉంది. మీరు కారు అన్నా వస్తాను, రెండు రోజులుండి, అడుగులు తప్పకుండా ఆడి, తిరిగి వస్తాను. ఒట్టు, మొహం ముడుచుకోను. కానీ మీరు చెప్పాలి. మీరు చెప్పేదాకా నేను కదలను.

కారా, ట్రక్కా? వెండెల్ గొలుసులు భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. త్వరగా రాయండి.

ఆర్లో